నాకు చిన్నాయన లేడు

పోయిన నెల మేము చదువుకున్న వైద్య పాఠశాలలో పాత విద్యార్థుల సభ జరిగింది. నన్ను వేదిక ఎక్కించి, నాకంటే బాగా చిన్నవాడైన ఒక డాక్టరు సభకు పరిచయం చేశాడు. తండ్రి చనిపోయిన దుఃఖంలో నాకు మార్కులు తగ్గాయని, ఆ సంగతి ఇంటర్వ్యూలో పెద్దల ముందు నిబ్బరంగా చెప్పి సీటు సంపాదించానని, చిన్నాన్న పెంపకంలో డాక్టరునయ్యానని చెప్పాడు. మార్కులు తక్కువ వచ్చిన పిల్లలు అధైర్యపడకూడదనడానికి నేనే ఉదాహరణ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నమస్కారం పెట్టాను.

ఆ కథ కల్పించింది నేను కాదు. కానీ ఇరవై ఏళ్లకు పైగా కాదనకుండా ఉన్నది నేనే. అందులో సీటు రావడం ఒక్కటే నిజం. మిగతాది ఎలా పుట్టిందో ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు మేము నాంపల్లి స్టేషను వెనక గల్లీలో కిరాయికి ఉండేవాళ్లం. రెండు గదులు, ముందు చిన్న వరండా. మా నాయన దగ్గర్లోనే ఒక చిన్న అదాలతులో అహల్కారు. అంటే కచేరి గుమాస్తా. ఇంట్లో తెలుగు, కచేరిలో ఉర్దూ. మా చదువులూ ఉర్దూలోనే. నాకు అలీఫ్ బే నేర్పింది నాయనే. పలక తన ఒళ్లో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని కుడి నుంచి ఎడమకు దిద్దించేవాడు. నేను డాక్టరు కావాలన్నది ఆయన కోరిక. ఆ కోరిక నాకూ ఉందనుకునేవాణ్ణి.

ఇంటర్మీడియట్ రెండో ఏడు నేను చదవలేదు. దానికి జబ్బూ లేదు, ఇబ్బందీ లేదు. ఆబిడ్స్‌లో ఒక గ్రామఫోను దుకాణం ఉండేది. కొత్త ప్లేట్లు వచ్చినప్పుడు యజమాని కొనేవాళ్లకు వినిపించడానికి వేసేవాడు. కొననివాళ్లను కూడా వెళ్లగొట్టేవాడు కాదు. నేను కాలేజీ మధ్యలోనే వచ్చి అక్కడ ఒక మూల స్టూలు మీద కూర్చునేవాణ్ణి. ముల్లు మార్చడం, ప్లేటు తుడవడం, హిందూస్తానీ గాయకుల గొంతులు గుర్తుపట్టడం నేర్చుకున్నాను. సాయంత్రం అటునుంచి ఇరానీ హోటలు. కెమిస్ట్రీ పుస్తకం పరీక్షల ముందు నెల తెరిచాను. పాసయ్యాను, థర్డ్ క్లాసులో. కెమిస్ట్రీలో అయితే గట్టు అంచున నిలబడ్డట్టు, బొటాబొటిగా వచ్చాయి మార్కులు.

మా అమ్మకు క్లాసులతో పని లేదు. నేను పాసైతే యాదగిరిగుట్టలో నా తలనీలాలు ఇస్తానని మొక్కుకుంది. ఫలితాలు వచ్చిన వారంలోనే బయలుదేరదీసింది. అప్పటికే వైద్య పాఠశాల ఇంటర్వ్యూకు పిలుపు వచ్చి ఉంది.

"ఇంటర్వ్యూ అయినంక పోరాదే?" అన్నాడు నాయన. "గుండుతోని పోతడా గక్కడికి?"

"మొక్కు బాకీ వెట్టుకొని సీటియ్యమని మల్ల అడుగుమంటవా దేవున్ని? ఏ మొఖంతోని అడగాలె?" అంది అమ్మ. "నీ కచేరిల వాయిదాలుంటయేమో. గుట్ట మీద వాయిదాల్లేవు."

నాయన నవ్వి ఊరుకున్నాడు. అమ్మా నేనూ వెళ్లి మొక్కు తీర్చుకుని వచ్చాము. పక్క వాటాలో ఉండే రైల్వే గార్డు నా తల చూసి, "ఏందోయ్, థర్డ్ క్లాసుకే గుండా? ఫస్ట్ క్లాసొచ్చుంటే చెవులు గూడ ఇచ్చెటోనివా?" అన్నాడు. అమ్మ లోపలినుంచే జవాబిచ్చింది. "అన్నా, నీ రైలు ఏనాడన్న టైముకొచ్చిందా? వచ్చిననాడు నువ్వూ కొట్టిచ్చుకో."

ఇంటర్వ్యూకు ముందు నాయన నన్ను తయారుచేశాడు. తను ఇనప పెట్టె మీద కూర్చునేవాడు, బోర్డు మెంబరుగా. నేను ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడాలి. ఆయన ఉర్దూలో అడిగేవాడు, కెమిస్ట్రీలో ఇంత తక్కువ ఎందుకు వచ్చాయని. నేను చెప్పవలసిన జవాబు కూడా ఆయనే ఇచ్చాడు. "హుజూర్, తప్పు నాది. ఏడాదంతా చదవలేదు. ఆఖర్న చదివాను. అవకాశమిస్తే మళ్లీ ఇట్లా జరగదు." అంతే. ఇంకేమీ కలపొద్దన్నాడు.

"ఎవరన్న గిట్ల చెప్తరా నాయనా? జ్వరమొచ్చిందంటే అయిపోతది గద."

"జ్వరమొచ్చిందని కచేరిల పొద్దుందాక వింటనే ఉంట. హకీం చిట్టీ గూడ పట్కొస్తరు. గప్పుడు జడ్జి సాబు మొఖం జూడాలె నువ్వు. కాయితం మీదికెల్లి కన్ను దీయడు. తప్పు నాదే హుజూర్ అన్నోని దిక్కు మాత్రం తల ఎత్తి జూస్తడు. గా తల ఎత్తినప్పుడు నీ మొఖం గనవడాలె. గంతే నీ పని."

ఆ జవాబు నేను ఎన్నిసార్లు చెప్పానో. నోటికి వచ్చేసింది.

అప్పట్లో అటువంటి చోటికి వెళ్లాలంటే షేర్వానీ, రూమీ టోపీ ఉండి తీరాలి. పెద్దల ముందు తల కప్పుకోకపోవడం అమర్యాద. నాకు షేర్వానీ లేదు. నాయనకు ఉన్న మంచిది నాకు తొడిగాడు. అది లేకుండా తను కచేరికి వెళ్లలేడు కాబట్టి ఆ రోజు సెలవు పెట్టాడు. షేర్వానీ నాకు భుజాల దగ్గర వదులు. ఆయన టోపీ నా గుండు మీద పెడితే చెవుల దాకా దిగింది. లోపల వార్తాపత్రిక మడిచి పెట్టి సరిచేశాడు. "తల ఎక్కువ ఊపకు" అన్నాడు.

ఇంటర్వ్యూ ఆబిడ్స్ వెనక ఒక పాత బంగళాలో. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో ప్రిన్సిపాలు. ఆయనకు ఎడమ పక్కన ఒకాయన నేను వెళ్లినప్పటి నుంచి వచ్చేవరకు ఏదో రాసుకుంటూనే ఉన్నాడు. కుడి పక్కన తెల్లగడ్డం పెద్ద డాక్టరుగారు. పాఠశాలలో శరీర శాస్త్రం చెప్పేది ఆయనే అని తర్వాత తెలిసింది.

నేను వంగి ఆదాబ్ చేశాను. టోపీ ఊడి బల్ల మీద, వాళ్ల కాగితాల మధ్య పడింది.

నా తల మీద గాలి తగిలింది. పెద్ద డాక్టరుగారు టోపీ తీసుకుని, దుమ్ము దులిపి, రెండు చేతులతో నాకు ఇచ్చారు. నా తల చూస్తూ, చాలా మెల్లగా అడిగారు.

"తండ్రిగారా, బేటా?"

హిందువుల ఇళ్లల్లో తండ్రి పోతే కొడుకు గుండు చేయించుకుంటాడని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ఆయన ఏమనుకున్నారో నాకు వెంటనే అర్థమైంది. కాదండీ, గుట్టలో మొక్కు అని చెప్పాలి. ఎందుకు మొక్కు అంటే, పాసైనందుకు. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాలు నా మార్కుల కాగితం తిరగేస్తున్నాడు. ఆ మార్కులకు దేవుడికి జుట్టు ఇచ్చుకున్నానని ఆ ముగ్గురి ముందు చెప్పడానికి నాకు సిగ్గు వేసింది. తల దించుకున్నాను. ఆయన దాన్ని దుఃఖం అనుకున్నారు.

ఆ తర్వాత ఆయన అడిగినవాటికి నేను అన్నీ నిజాలే చెప్పాను.

"ఈ షేర్వానీ వారిదేనా?"

"జీ."

"మర్హూమ్ ఏం చేసేవారు?" పోయినవారిని గౌరవంగా మర్హూమ్ అంటారు.

"అదాలతులో అహల్కారు."

"ఉర్దూ బాగా మాట్లాడుతున్నావు. ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా నాయనే నేర్పారు. పలక తన ఒళ్లో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని దిద్దించేవారు. నేను తప్పు రాస్తే ఆయన తుడిచేవారు కాదు. నన్నే తుడవమనేవారు."

"నువ్వు డాక్టరువి కావాలని వారి కోరికా?"

"జీ. ఆయన కోరికే."

మర్హూమ్ అన్న మాటకు నేను జవాబు చెప్పినప్పుడే మా నాయన ఆ గదిలో చనిపోయాడు. నేను మాట కూడా తడబడలేదు.

అప్పుడు ప్రిన్సిపాలు అడిగాడు. "అది సరే. కెమిస్ట్రీలో ఇంత తక్కువ ఎందుకు?"

నాయన ఇనప పెట్టె మీద కూర్చుని అడిగిన ప్రశ్నే. మాటలు కూడా దాదాపు అవే. జవాబు నా నాలుక మీద ఉంది. హుజూర్, తప్పు నాది.

పెద్ద డాక్టరుగారే అందుకున్నారు. "పరీక్షలప్పటికే వారు మంచాన ఉన్నారా, బేటా?"

"జీ" అన్నాను.

ఆ గదిలో నేను నోటితో ఆడిన అబద్ధం అది ఒక్కటే. ప్రిన్సిపాలు కాగితం మీద నుంచి తల ఎత్తి నన్ను చూశాడు. నాయన చెప్పినట్టే తల ఎత్తాడు. నేను ఆ చూపు తప్పించుకున్నాను. అది కూడా నాకు మేలే చేసింది.

ఇంటికి వచ్చేసరికి నాయన వరండాలో నిలబడి ఉన్నాడు.

"అడిగిన్రా మార్కుల సంగతి?"

"అడిగిన్రు."

"ఏం జెప్పినవ్?"

"నువ్వు చెప్పుమన్నదే చెప్పిన."

"తల ఎత్తి జూసిండా?"

"ఆఁ, జూసిండు."

నాయన అమ్మను పిలిచి, "విన్నవా? నేను జెప్పలేదా!" అన్నాడు. కొన్నాళ్లకు ఎంపికైనవారి జాబితాలో నా పేరు వచ్చింది. నిజం చెప్పి సీటు తెచ్చుకున్నాడు మావాడు అని నాయన కచేరిలో కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. వకీళ్లకు చెప్పాడు, చప్రాసీకి చెప్పాడు. గార్డు కూడా వచ్చి, "పోరడు హుషారే" అన్నాడు.

ఆ తర్వాతి శుక్రవారం. అప్పట్లో కచేరీలకు సెలవు శుక్రవారమే. నాయన వరండాలో మంచం మీద కూర్చుని, ధోవతి బనీనులతో, షేర్వానీకి నేను పోగొట్టిన గుండీ కుట్టుకుంటున్నాడు. గల్లీలో టాంగా ఆగింది. పెద్ద డాక్టరుగారు దిగారు. నేను గుమ్మంలో ఉన్నాను. లోపలికి పోలేకపోయాను, బయటికి రాలేకపోయాను.

"అహల్కారు గారి ఇల్లు ఇదేనా?"

"ఔను హుజూర్, రండి" అంటూ నాయన లేచి నిలబడ్డాడు.

"పుర్సా కోసం వచ్చాను. ముందే రావలసింది. వారి అబ్బాయి మా పాఠశాలలో చేరుతున్నాడు" అన్నారు ఆయన. పుర్సా అంటే మనిషి పోయిన ఇంటికి వెళ్లి, కాసేపు కూర్చుని, ఓదార్పుగా నాలుగు మాటలు చెప్పి రావడం. తెలిసినవాళ్లకు పుర్సా చెప్పకపోతే పెద్ద తప్పుగా ఎంచేవారు. ఆయనకు మేము తెలిసినవాళ్లం కాము. అయినా వచ్చారు. "మీరు మర్హూమ్‌కి ఏమవుతారు?"

నాయన సూది షేర్వానీకి గుచ్చాడు. నా వైపు తిరిగాడు. నా గుండు చూశాడు, ముఖం చూశాడు. కచేరిలో జన్మంతా వాంగ్మూలాలు విన్న మనిషి. ఆయనకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

"తమ్ముణ్ణి హుజూర్" అన్నాడు. "కూర్చోండి."

లోపల అమ్మ చెంబుతో నీళ్లు తెస్తున్న చప్పుడు, గాజుల చప్పుడు వినబడింది. నుదుట రూపాయంత బొట్టు పెట్టుకునే మనిషి. నాయన గొంతు పెంచి, తెలుగులో, "వదినా, నువ్ రాకు. నీళ్లు పోరనికియ్యి" అన్నాడు.

గాజుల చప్పుడు ఆగిపోయింది. నేను వెళ్లి అమ్మ చేతిలోంచి చెంబు తీసుకున్నాను. మొగుడు తనను వదినా అన్నాడన్న ఆశ్చర్యంతో ఆమె నోరు తెరుచుకునే ఉంది.

పెద్ద డాక్టరుగారు నీళ్లు తాగి, నాయన ఒళ్లో ఉన్న షేర్వానీ చూశారు. "ఇంటర్వ్యూకు ఇదే తొడుక్కుని వచ్చాడు. వారిదట."

"జీ హుజూర్. మా అన్నది."

"మీ అన్నగారు అదృష్టవంతులు. నేను చాలామంది పిల్లల్ని చూశాను. తండ్రి గురించి అడిగితే ఉద్యోగం చెప్తారు, జీతం చెప్తారు. ఇతను పలక గురించి చెప్పాడు. ఒళ్లో పెట్టుకుని, చెయ్యి పట్టుకుని దిద్దించేవారట. తప్పు రాస్తే వారు తుడిచేవారు కాదట, పిల్లవాణ్ణే తుడవమనేవారట. ఆ మాట విన్నాక నేను మార్కులు చూడలేదు."

నాయన తల వంచుకుని విన్నాడు. ఆ పలక సంగతి నేను ఆయనతో ఎన్నడూ అనలేదు. నాకు గుర్తుందని కూడా ఆయనకు తెలియదు. కన్నీళ్లు గుండీ మీద పడ్డాయి. పెద్ద డాక్టరుగారు మంచం మీద దగ్గరికి జరిగి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "సబ్ర్ చెయ్యండి, ఓర్చుకోండి. అన్న పోతే ఇల్లంతా మీ మీదే. పిల్లవాణ్ణి చదివించండి. అదే వారికి మీరు చేసేది." నాయన జీ హుజూర్ అన్నాడు.

టాంగా వెళ్లిపోయాక నాయన మళ్లీ సూది తీసుకుని గుండీ కుట్టడం పూర్తిచేశాడు. అప్పుడు అడిగాడు.

"మార్కుల సంగతి అడిగిన్రా?"

"అడిగిన్రు."

"నేను చెప్పుమన్నది చెప్పినవా?"

"లే."

అమ్మ బయటికి వచ్చింది. అప్పటికి ఆమెకూ అర్థమైంది. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. గుమ్మానికి ఆనుకుని కూర్చుని, "నా బొట్టు తుడిపినవు గదరా" అంది.

నేను నాయన మీదే పడ్డాను. "నువ్వెందుకు తమ్ముణ్ణని అన్నవ్ నాయనా? నిజం జెప్పెటోనివి గద."

"ఏమనాలెరా? సచ్చినోన్ని నేనే, కూసోండ్రి హుజూర్ అనాలెనా?" అన్నాడు. అంతలో కూడా ఆ మాటకు అమ్మకు నవ్వు వచ్చింది. నవ్వి, మరింత ఏడ్చింది. "ఆయన పెద్దమనిషి. ముక్కు మొఖం తెల్వనోని ఇంటికి టాంగా జేస్కొని వచ్చిండు. వాకిట్ల నిలవెట్టి ఇజ్జత్ దీస్తమా? ఆయన ఇజ్జత్ నేను జూస్కున్న. నీది నువ్ జూస్కో. రేపు పోయి చెప్పు. సీటు పోతె పోతది."

మర్నాడు బయలుదేరాను. ఆయన బంగళా ఆబిడ్స్ చివర. గేటు దాకా వెళ్లాను. తోటమాలి ఎవరు కావాలని అడిగితే ఎవరూ వద్దని చెప్పి, గ్రామఫోను దుకాణానికి వెళ్లి కూర్చున్నాను. సాయంత్రం ఇంటికి వెళ్లి, ఆయన లేరని చెప్పాను.

"రేపుంటడు తియ్" అన్నాడు నాయన.

మర్నాడూ లేరన్నాను. ఆ తర్వాత నాయన అడగలేదు. నేనే చెప్పాలని కాచుకుని ఉన్నాడని నాకు తెలుసు. చదువు మొదలైంది. ఈసారి చదివాను. అంత చదివితే ఆ ఒక్క మాట చెప్పే అవసరం దానంతట అదే పోతుందని ఒక పిచ్చి లెక్క ఉండేది నాకు.

పాఠశాలలో నేను తండ్రిలేని పిల్లవాణ్ణి. పెద్ద డాక్టరుగారు తన పుస్తకాలు ఇచ్చేవారు, "చచా ఎలా ఉన్నారు?" అని చిన్నాయన గురించి అడిగేవారు. బాగున్నారని చెప్పేవాణ్ణి. నాయన ఆబిడ్స్ వైపు రావడం మానుకున్నాడు. అంతకుముందు కచేరి అయ్యాక అటు నడిచి వెళ్లి తమలపాకులు, పత్రిక కొనుక్కుని వచ్చేవాడు. ఇప్పుడు ఆకులు స్టేషను దగ్గరే కొనేవాడు. అవి బాగుండవని ఎప్పుడూ అనేవాడు, కానీ అక్కడే కొనేవాడు. ఎవరైనా తోటి విద్యార్థి ఇంటికి వస్తే, "చిన్నాయన లోపలున్నడు" అని నేను వినబడేటట్టు చెప్పాలి. ఆయన సర్దుకుని బయటికి వచ్చేవాడు. కొన్నాళ్లకు అలవాటైపోయింది. ఆయనకు అలవాటు కాలేదని నేను గ్రహించలేదు. నాకు అయింది.

సనదులు, అంటే డాక్టరు పట్టాలు, ఇచ్చే రోజున పెద్ద డాక్టరుగారు చచాను తప్పక తీసుకురమ్మన్నారు. నాయన వచ్చాడు, అదే షేర్వానీ వేసుకుని. అమ్మ రానంది. "నేనొస్తే బొట్టు దీసి రావాలె. తియ్య" అంది. సభ అయ్యాక పెద్ద డాక్టరుగారు నాయనను నలుగురికీ చూపించి, అన్న కొడుకును సొంత కొడుకులా చూసుకున్న మనిషి అన్నారు. నాయన అందరికీ సలాము చేశాడు. ఇంటికి వచ్చే దారిలో నాతో ఒకటే అన్నాడు. "సొంత కొడుకు లెక్క జూసుకున్ననట." నవ్వుతూనే అన్నాడు.

తర్వాత నేను సర్కారీ దవాఖానలో చేరాను. పెళ్లయింది. శుభలేఖ మీద ఆహ్వానించే తండ్రిగా నాయన పేరే ఉంది కాబట్టి పెద్ద డాక్టరుగారికి శుభలేఖ ఇవ్వలేదు. ఆయన ఊళ్లో లేరనుకున్నానని తర్వాత చెప్పాను. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఎంత పని ఉంటుందో అందరికీ తెలిసిందే. అది రాయను.

రాజ్యం మారిన మరుసటి ఏడు నాయన పోయాడు. గుండె జబ్బు. నేనే మందు ఇచ్చాను, నా చేతుల్లోనే పోయాడు. చివరి రోజుల్లో కూడా ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రెండోసారి నా తల గుండు అయింది. దవాఖానలో అడిగినవారికి చిన్నాయన పోయాడని చెప్పాను. ఆ మాట చెప్పినప్పుడు నాకు నిజంగా ఏడుపు వచ్చింది. వాళ్లు ఓదార్చారు.

కర్మలు అయ్యాక ఒక మధ్యాహ్నం గల్లీలో రిక్షా ఆగింది. పెద్ద డాక్టరుగారు దిగారు. అప్పటికి ఉద్యోగం నుంచి విరమించారు. చేతికర్ర వచ్చింది, చూపు తగ్గింది. అదే వరండా, అదే మంచం. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఆయన నా తల తడిమి చూశారు.

"చచా కోసం గుండు చేయించుకున్నావు. కొడుకు ఋణం తీర్చుకున్నావు, బేటా. రెండోసారి యతీమ్ అయ్యావు." యతీమ్ అంటే తండ్రిలేనివాడు.

అమ్మ అప్పటికి గుమ్మం దాటి వరండాలోకి వచ్చింది. ఆయన ముందుకు ఆమె రావడం అదే మొదలు. ఇన్నేళ్లూ ఆమె ఆయన వస్తే గదిలోంచి కదిలేది కాదు. ఇప్పుడు నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. దాచవలసింది ఏమీ లేదు. గోడవారన కూర్చుంది. ఆయన ఆమెకు సలాము చేసి, నాతో, "అమ్మగారికి చెప్పు. మొదట భర్త పోయారు, ఇప్పుడు మరిది. దేవుడు ఆమెకు పెద్ద పరీక్షలే పెట్టాడు" అన్నారు.

అమ్మకు ఆ మాత్రం ఉర్దూ వచ్చు. నేను తెలుగులో చెప్పనక్కర్లేదు. ఆమె నా ముఖంలోకి చూసింది.

"ఇప్పుడన్న చెప్పరాదురా? మీ నాయన సచ్చిపోయిండు. ఇంక సీటేం పోతది నీది?"

నేను నేల మీద, పెద్ద డాక్టరుగారి కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఉర్దూలో మొదటి నుంచి చెప్పాను. గుట్ట, మొక్కు, టోపీ ఊడిపడటం. మార్కులు తక్కువ రావడానికి కారణం గ్రామఫోను దుకాణమని చెప్పాను. ఆ శుక్రవారం ఈ మంచం మీద కూర్చుని గుండీ కుట్టుకుంటున్నది మా నాయనేనని చెప్పాను. మొన్న పోయింది ఆయనేనని చెప్పాను. హుజూర్, తప్పు నాది అన్నాను. నాయన నేర్పిన మాటలే. పదేళ్లు ఆలస్యంగా అయినా మరిచిపోలేదు.

ఆయన చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నారు. తర్వాత అడిగింది నా గురించి కాదు.

"అయితే ఆ రోజు పలక గురించి నేను చెప్పింది వారే విన్నారా?"

"జీ. ఆయనే విన్నారు."

"వారి పుర్సా వారికే చెప్పి వెళ్లానన్నమాట."



ఆయన కర్ర ఊతంగా లేచి నిలబడ్డారు. వెళ్లిపోతున్నారనుకుని నేను చెయ్యి అందించబోయాను. అందుకోలేదు. మెట్టు దిగి వాకిట్లోకి వెళ్లి, అక్కడినుంచి వెనక్కి తిరిగి, కొత్తగా వచ్చినవారిలా మెట్టెక్కి వరండాలోకి వచ్చారు. అమ్మ ఎదురుగా మంచం మీద కూర్చున్నారు. "పుర్సా కోసం వచ్చాను" అన్నారు. నాయనను మరిది అనలేదు, చచా అనలేదు. మీవారు అన్నారు. మీవారు చాలా ఓర్పు గల మనిషి అన్నారు. సబ్ర్ చెయ్యండి అన్నారు. పుర్సాకు చెప్పే మాటలన్నీ మొదటి నుంచి, తొందర లేకుండా, అమ్మకే చెప్పారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. అన్నీ అయ్యాక, "నీళ్లు దాగుతరా?" అని అడిగి, తనే లోపలికి వెళ్లి చెంబుతో తెచ్చి ఇచ్చింది. ఆయన తాగారు.

నాతో ఒక్క మాట అనలేదు. రిక్షా ఎక్కారు.

తర్వాత కూడా అనలేదు. ఎక్కడైనా ఎదురుపడితే నా ఆదాబ్‌కు తల ఊపేవారు, అంతే. చచా ఎలా ఉన్నారన్న ప్రశ్న లాగే చదువు గురించి, రోగుల గురించి అడిగే ప్రశ్నలూ పోయాయి. ఆయన నా సంగతి బయట ఎవరికీ చెప్పలేదు. అందువల్లనే తండ్రిలేని పిల్లవాడి కథ పాఠశాలలో అలాగే మిగిలి, పెరిగి, పోయిన నెల వేదిక మీదికి వచ్చింది.

కొన్నేళ్లకు ఆయన పోయారు. నేను ఆబిడ్స్ చివరి బంగళాకు పుర్సా కోసం వెళ్లాను. గేటు దగ్గర ఈసారి ఆగలేదు. ఆయన కొడుకు నన్ను కూర్చోబెట్టి, నేను ఎవరో తెలుసుకుని, "అబ్బాజాన్ మీ నాన్నగారి గురించి చెబుతుండేవారు" అన్నాడు. "అంత ఓర్పు గల మనిషిని చూడలేదనేవారు." చిన్నాన్న అనలేదు.

ఆ ఒక్క ఇంట్లో మా నాయన మా నాయనగానే ఉన్నాడు. మిగతా ఊళ్లో కూడా ఉండాలని ఇది రాశాను. అమ్మ ఉండగా రాసి చదివి వినిపించవలసింది.

మా తాతకు మా నాయన ఒక్కడే కొడుకు. నాకు చిన్నాయన లేడు.